పన్నెండు వోల్టులు

మాలకొండారెడ్డి గారి కల్యాణ మండపం ముందర,
ఒంగోలు దాటంగానే, కర్నూలు రోడ్డు మీద,
చీమకుర్తి నల్లరాయి పరిచిన కొలను.
రాయిలో పుట్టుకతోనే చుక్కలున్నాయి.
అయినా ఆయనకు నీళ్ళ అడుగు నుంచి లేచే వెలుగు కావాలి.
పెళ్ళికూతురు గట్టున కూర్చుని
కాళ్ళు నీళ్ళలో జాడిస్తా ఫోటో దిగుద్దంట.

కాళ్ళు.
ఆ మాట విన్నాకే నేను టేపు తీశాను.

పట్టుకో కాలేషా, ఆ కొస.
గట్టు నుంచి మూడున్నర మీటర్లు.
అంతకు ఇవతల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేది లేదు.
మూడు కాదు, మూడుంబావు కాదు.
మల్లెపందిరి అడ్డమొస్తే పందిరి జరుగుద్ది,
పెట్టె జరగదు.

వాడికి పంతొమ్మిదేళ్ళు. ఐటీఐ మధ్యలో వదిలేశాడు.
రెండొందల ముప్పై నేరుగా ఇచ్చేస్తే
పెట్టె ఖర్చు మిగులుద్ది గదన్నా, అన్నాడు.
పొద్దున రెడ్డిగారూ అదే అన్నాడు,
కాస్త మర్యాదగా, కాఫీ ఇప్పించి.

మూత తీసి చూపించాను.
రెండు రాగి చుట్లు. పక్కపక్కనే ఉంటాయి,
ఒకదాన్నొకటి తాకవు.
తాకకుండానే ఇవ్వాల్సింది ఇచ్చేసుకుంటాయి.
ఇటు రెండొందల ముప్పై అరుస్తా ఉంటే
అటు పన్నెండు గొణుగుద్ది.
ఆ పన్నెండుకు మట్టితో కూడా చుట్టరికం కలపకూడదురా.

ఎర్తు లేకుండానా?

లేకుండానే.
ఫౌంటెను గొట్టం, స్టీలు రెయిలింగు, జాలీ మూత మాత్రం
అన్నిటినీ ఒకే పచ్చతీగకు కట్టు.
ఇనుమూ ఇనుమూ తలో మాట మాట్లాడితే
మధ్యలో చెయ్యి పెట్టినోడు పోతాడు.
దీపం మునిగే ఉండాలి. ఒడ్డున పడ్డ చేప మాదిరి
నీళ్ళు తగ్గితే అదీ బతకదు,
కాలి పగులుద్ది. అందుకే ఆ ఫ్లోటు స్విచ్చి.
ఇంకొకటి.
దీపం దగ్గర్నుంచి పెట్టె దాకా ఒకటే తీగ.
నీళ్ళలో అతుకు వద్దు.
టేపు చుడితే సరిపోద్దనే మాట
నా ముందర అనబాక.

ఎందుకన్నా అంత కోపం, అన్నాడు.

ఈతముక్కల దగ్గర రొయ్యల గుంట.
ఏరేటరు తీగకు మూడు అతుకులు,
మూడిటికీ నల్ల టేపు.
ఫ్యూజులో వెంట్రుకంత తీగ ఉండాల్సిన చోట
నాలుగు పోగులు మెలేసి బిగించారు,
మాటిమాటికీ పోతా ఉందని.
రాత్రి రెండింటికి రొయ్యలు పైకి తేల్తా ఉంటే
చెంచురామయ్య లుంగీ ఎగ్గట్టి దిగాడు.
తెల్లారి గుంట ప్రశాంతంగా ఉంది.
ఆ వారమే నలభై కౌంటుకు పట్టారు, మంచి రేటే వచ్చింది.

మూడో అతుకు నాది.

ఎవరూ అడగలేదు. అతుకుల మీద పేర్లుండవు.

కాలేషా ఏం మాట్లాడలేదు.
గ్లాండు మరను ఇంకో అరచుట్టు బిగించాడు.

ముప్పై మిల్లీ ఆంపియర్లు, ఈ బ్రేకరుకి.
అంతకంటే కొంచెం దారి తప్పినా
రెప్ప వేసేలోపల తెగుద్ది.
ఎవరి గుండె మీద కొలిచి తేల్చారో గానీ ఆ అంకె,
పుస్తకంలో రాయలేదు.
బటన్ నొక్కు. టప్.
ఎత్తు. మళ్ళీ నొక్కు. టప్.
ఆ చప్పుడు నేర్చుకో ముందు.

చీకటి పడ్డాక వేశాం.
నల్లరాయి లోపల చుక్కలన్నీ ఒక్కసారిగా కళ్ళు తెరిచాయి.
యాడి నుంచి వచ్చిందో ఒక కప్ప
మూడో దీపం మీదికెక్కి
సొంత ఇల్లు మాదిరి కూర్చుంది.
వెలుతురు కొంచెం తక్కువైనట్టుందే, అన్నాడు రెడ్డిగారు.
నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి
గట్టున కూర్చుని
రెండు కాళ్ళూ లోపలికి దించాను.
చల్లగా ఉన్నాయి నీళ్ళు. అంతే.
చాలాసేపు తియ్యలేదు.

తర్వాత బిల్లు రాశాను.
ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. దీపాలు ఎనిమిది.
బ్రేకరు ఒకటి. తీగ నూటపది మీటర్లు.
అతుకులు: లేవు.

లేనిదాన్ని బిల్లులో ఎందుకు రాశావయ్యా,
అన్నాడు గుమాస్తా, పెన్నుతో కొట్టెయ్యబోతా.
ఉండనీ సామీ, అన్నాను.